మురుగు, జమ్ము, ఉప్పునీరు: ఒక చిన్న తీరపట్టణం లెక్కలు

1974 మే నెలలో కాలిఫోర్నియా జలవనరుల నియంత్రణ మండలి తీరం వెంబడి ఉన్న ఊళ్లకు ఒక నిబంధన పెట్టింది. మూసుకుని ఉండే అఖాతాల్లోకి, ఏరు సముద్రంలో కలిసే మొగల్లోకి మునిసిపాలిటీల మురుగునీరు వదలడం వీలైనంత త్వరగా ఆపెయ్యాలి. శుద్ధిచేసిన నీరైనా అంతే. ఒక మినహాయింపు ఇచ్చింది. ఎడతెగకుండా శుద్ధిచేస్తూ, ఆ నీరు కలవకపోతే అఖాతం ఎలా ఉండేదో అంతకంటే కలిశాకే బాగుందని రుజువు చెయ్యగల ఊరుంటే వదులుకోవచ్చు.

కాలుష్య నియంత్రణ చట్టాలు సాధారణంగా ఇలా మాట్లాడవు. లీటరులో ఇన్ని మిల్లీగ్రాములు దాటకూడదని హద్దు గీస్తాయి. హద్దులోపల ఉంటే చాలు, ఆ నీరు చేరిన ఏరు ఏమైందని ఎవరూ అడగరు. ఈ నిబంధన ఆ ప్రశ్ననే ముందుపెట్టింది. చాలా ఊళ్లు దాన్ని నిషేధంగానే చదువుకున్నాయి. ఆర్కేటా అనే చిన్న ఊరు మాత్రం మినహాయింపును పట్టుకుని ఏళ్ల తరబడి పోరాడి, తన మురుగుశుద్ధి కేంద్రాన్ని చిత్తడి నేలలతో, పక్షులతో కలిపేసుకుంది. తీరపట్టణాల మురుగు గురించి ఎక్కడ చర్చ జరిగినా ఆ ఊరి పేరు వస్తుంది. దాని చుట్టూ పొగడ్త కూడా బాగానే పేరుకుంది. అక్కడ నిజంగా ఏం జరిగింది, ఏది పనిచేసింది, ఏది చెయ్యలేదు, గోదావరి, కృష్ణా డెల్టాల్లోని మన చిన్న పట్టణాలకు అందులో పనికొచ్చేదెంత అన్నది ఇక్కడ పరిశీలించదలచాను.

గట్ల వెనక ఊరు

శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి రోడ్డు మీద ఉత్తరంగా దాదాపు 450 కిలోమీటర్లు పోతే హంబోల్ట్ అఖాతం వస్తుంది. దాని ఈశాన్యపు ఒడ్డున ఉంది ఆర్కేటా. జనాభా 18 వేల పైచిలుకు. ఒకప్పుడు కలప మిల్లుల ఊరు, ఇప్పుడు యూనివర్సిటీ ఊరు. అఖాతమూ దాని ఒడ్డూ వియోట్ ఆదివాసులవి. తెల్లవాళ్లు వచ్చాక పశువుల మేతకోసం, రైలు కట్టలకోసం ఉప్పు చిత్తళ్లకు గట్లు వేసి ఎండగట్టారు. పదింట తొమ్మిది వంతుల ఉప్పు చిత్తడి అలా పోయింది. మిగిలిన నీళ్లలో ఆయిస్టర్లను పెంచుతారు. కాలిఫోర్నియాలో పండే ఆయిస్టర్లలో ఎక్కువ భాగం ఈ అఖాతానివే. ఆయిస్టర్ అనే ఈ ఆల్చిప్ప నీటిని వడగట్టుకుని బతుకుతుంది, జనం దాన్ని పచ్చిగానే తింటారు. ఊరి మురుగులోని క్రిమి నేరుగా కంచంలోకి చేరే దారి అది. అందుకే అక్కడ పెద్ద వాన పడినప్పుడల్లా కొన్నాళ్లు ఆయిస్టర్లు తియ్యడం ఆపేస్తారు. మురుగుశుద్ధి అక్కడ అందచందాల సంగతి కాదు, జీవనోపాధి సంగతి.

ఊరి మురుగును తేర్చి వదిలే మొదటి కేంద్రం 1949లో వచ్చింది. 1950ల చివర్లో అఖాతంలోకి గట్టు కట్టి, సుమారు 50 ఎకరాల్లో ఆక్సిడేషన్ చెరువులు తవ్వారు. 1966లో క్లోరిన్ కలపడం మొదలైంది. ఆ రోజుల్లో అమెరికా అంతటా చిన్న ఊళ్లు చేసింది ఇదే. పక్కనే ఊరి చెత్త పోసే డంపింగ్ యార్డు ఉండేది, అది 1973లో మూతపడింది. దానికి ఆనుకుని మూసేసిన మిల్లుల స్థలాలు. ఊరికి సముద్రం ఎదురుగానే ఉన్నా అటువైపు నడిచేవాళ్లు లేరు.

1974 నిబంధన వచ్చాక అఖాతం చుట్టూ ఉన్న ఊళ్లన్నీ కలిసి ఒకే పెద్ద కేంద్రం కట్టుకోవాలన్న పథకం ముందుకొచ్చింది. ఊళ్ల మురుగంతా పంపులతో తోడి, అఖాతం అడుగున వేసిన గొట్టంలోంచి అవతలి ఇసుక తిన్నె మీదికి చేర్చి, అక్కడ శుద్ధిచేసి పసిఫిక్ మహాసముద్రంలోకి వదలాలి. ఆనాటి ఇంజినీర్లకు అది సహజమైన పరిష్కారమే. పెద్ద కేంద్రంలో లీటరుకయ్యే ఖర్చు తక్కువ, మహాసముద్రానికి కలుపుకునే శక్తి ఎక్కువ. ఆర్కేటా జనం అభ్యంతరాలు వేరు. నిర్మాణ ఖర్చులో తమ వాటా ఊరి తాహతుకు మించింది. ఏడాది పొడవునా పంపులకు కరెంటు కావాలి. అఖాతం అడుగున గొట్టం పగిలితే ఆయిస్టర్ల గతేమిటి? పెద్ద మురుగు లైను ఏ దారిన పోతే ఆ దారివెంట పొలాలు ప్లాట్లయిపోతాయని కూడా వాళ్లు వాదించారు. ఆ చివరి వాదన మురుగుశుద్ధి పుస్తకాల్లో కనపడదు కానీ, మన దగ్గర బైపాస్ రోడ్లు పడ్డ ఊళ్లను చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

ఊరు అడ్డం తిరగడానికి బలమిచ్చినవాళ్లు బయటి కన్సల్టెంట్లు కారు. హంబోల్ట్ స్టేట్ యూనివర్సిటీలో చేపల శాస్త్రం చెప్పే జార్జి ఆలెన్ అప్పటికే కొన్నేళ్లుగా శుద్ధిచేసిన మురుగునీటిని అఖాతపు ఉప్పునీటితో కలిపి, చెరువుల్లో సాల్మన్ పిల్లల్ని పెంచుతున్నాడు. ఆ నీట్లో చేప పెరుగుతుందంటే అది విషం కాదు, ఎరువు కలిసిన నీరు అని ఆయన పట్టు. అదే యూనివర్సిటీలో పర్యావరణ ఇంజినీరింగ్ బోధించే రాబర్ట్ గేర్‌హార్ట్ చిత్తడి మొక్కలతో నీరు తేటపడే లెక్క కట్టాడు. పురపాలక పనుల శాఖ చూసే ఫ్రాంక్ క్లాప్, కౌన్సిల్లో ఉన్న డాన్ హౌజర్ దాన్ని ఊరి నిర్ణయంగా మార్చారు. రాష్ట్రం నమ్మలేదు. 1979 నుంచి మూడేళ్లపాటు చిన్న చిన్న మడులు కట్టి, వేర్వేరు లోతుల్లో, వేర్వేరు వేగాలతో నీరు పారించి, కొలతలు తీసి చూపించారు. తరవాత అనుమతి వచ్చింది. 1986 నాటికి పూర్తి వ్యవస్థ నడవడం మొదలైంది. 1987లో ఫోర్డ్ ఫౌండేషన్ కొత్త పాలనా పద్ధతులకిచ్చే బహుమతి, లక్ష డాలర్లు, ఈ ఊరికి వచ్చింది.

ఈ కథను ప్రకృతి గెలిచిన కథగా చెప్పడం పరిపాటి. నాకు కనిపించేది వేరు. కొలిచే పద్ధతి తెలిసిన మనుషులు అదే ఊళ్లో కాపురముండి, ఆ లెక్కలకు ఊరికి జవాబు చెప్పడానికి సిద్ధపడ్డ కథ ఇది.

నీరు నడిచే దారి

ఈ కేంద్రం సగటున రోజుకు 23 లక్షల గ్యాలన్ల నీటికోసం, అంటే మన లెక్కలో సుమారు 87 లక్షల లీటర్లకోసం తయారైంది. మొదటి దశ ఏ మురుగుశుద్ధి కేంద్రంలోనైనా (ఎస్టీపీ) కనిపించేదే. ఇనప చువ్వల జల్లెడ గుడ్డముక్కల్ని, ప్లాస్టిక్‌ను ఆపుతుంది, తరవాత ఇసుక దిగుతుంది. ఆపైన గుండ్రటి తొట్లలో నీరు నిదానంగా తిరుగుతూ బరువైన మడ్డిని అడుగుకు వదిలేస్తుంది. ఆ మడ్డిని మూసిన ట్యాంకుల్లో మురగబెట్టి, తరవాత కంపోస్టు చేస్తారు.

తేరిన నీరు ఆక్సిడేషన్ చెరువుల్లోకి వెళ్లి అక్కడ వారాల తరబడి ఉంటుంది. ఇక్కడ పని నాచుదీ బాక్టీరియాదీ. ఎండ తగిలి నాచు ప్రాణవాయువు వదులుతుంది, బాక్టీరియా ఆ ప్రాణవాయువుతో మురుగులో కరిగివున్న కుళ్లును తింటుంది. మోటార్లు పెట్టి గాలి ఊదే కేంద్రాల్లో కరెంటు బిల్లులో సగానికి పైగా ఆ గాలికే పోతుంది. చెరువులో అది ఎండతోనే జరిగిపోతుంది. అయితే చిక్కు కూడా అక్కడే ఉంది. మురుగు పోయింది కానీ దాని స్థానంలో పచ్చటి నాచు మిగిలింది. అది తేలికగా అడుగుకు దిగదు. అలాగే వదిలితే అఖాతంలో చచ్చి, కుళ్లి, మళ్లీ ప్రాణవాయువును లాగేస్తుంది. ప్రపంచంలో ఎక్కడైనా మురుగు చెరువులు ప్రమాణాల పరీక్షలో తప్పేది చాలావరకు ఈ నాచు దగ్గరే.

ఆర్కేటాలో దీనికి మందు జమ్ము, తుంగ. చెరువు దాటిన నీరు ఒత్తుగా పెరిగిన తుంగజాతి మొక్కల మడుల్లోకి వస్తుంది. పైన ఆకులు ఎండను కప్పేస్తాయి. ఎండ లేని నాచు చస్తుంది. కాడల మధ్య నీరు దాదాపు నిలిచిపోయినంత మెల్లగా పారుతుంది కనక చచ్చిన నాచు అడుగుకు దిగుతుంది. నీటిలో మునిగివున్న ప్రతి కాడ చుట్టూ జిగటగా సూక్ష్మజీవుల పొర ఒకటి కట్టుకుంటుంది. మిగిలిన కుళ్లును తినేది ఆ పొరే. మొక్క మురుగును పీల్చేస్తుందని సాధారణంగా అనుకుంటాం. నిజానికి మొక్క వేళ్లతో పీల్చుకునే వాటా చిన్నది, అసలు పని నీడదీ, కాడ మీది పొరదీ, ఆలస్యానిదీ. ఇది తెలియకుండా నాలుగు గుర్రపుడెక్క మొక్కలు కాలవలో వదిలి శుద్ధి అయిపోయిందనుకునే పథకాలు మన దగ్గర కూడా చూశాం. గుర్రపుడెక్కను ఎప్పటికప్పుడు తియ్యకపోతే అదే కుళ్లి అడుగున మడ్డి అవుతుంది.

ఆ తరవాత నీరు క్రిమిసంహారం జరుపుకుని మూడు పెద్ద చిత్తళ్లలోకి వెళ్తుంది. వాటికి ఆలెన్, గేర్‌హార్ట్, హౌజర్ పేర్లే పెట్టారు, పక్కనున్న కొలను క్లాప్‌ది. ఈ 30 ఎకరాల చిత్తళ్లు, పాత చెత్తకుప్ప, ఉప్పుటేర్లు, పాటుకు బయటపడే బురదమేటలు, అన్నీ కలిపి 307 ఎకరాల అభయారణ్యం. పసిఫిక్ తీరం వెంబడి వలసపోయే పక్షుల దారిలో ఉంది. ఇప్పటిదాకా 300కు పైగా జాతులు కనిపించాయి. బాతులు, ఉల్లంకులు, కొంగలు, గూడబాతులు వస్తాయి, నీటికుక్కలు పిల్లల్ని పెంచుకుంటాయి. జనం పొద్దున్నే నడకకు వస్తారు, బడిపిల్లలు వస్తారు. స్థానిక స్వచ్ఛంద సంఘం వారం వారం సందర్శకుల్ని వెంటబెట్టుకుని తిప్పుతుంది. చిత్తళ్లు దాటిన నీరు మళ్లీ కేంద్రానికి వచ్చి, ఇంకోసారి క్రిమిసంహారం జరుపుకుని అఖాతంలో కలిసేలా మొదటి ఏర్పాటు. ఇటీవలి మరమ్మతుల్లో క్లోరిన్‌ను తప్పించి అతినీలలోహిత కిరణాలకు మారుతున్నారు. క్లోరిన్ సేంద్రియ పదార్థంతో కలిసినప్పుడు హానికర రసాయనాలు పుడతాయి, చిత్తడి నీటిలో సేంద్రియ పదార్థానికి కొదవలేదు. ఈ మార్పు అవసరమైందే.

మెరుగైందా, కాలేదా

నీటిలో మిగిలిన కుళ్లును కరిగించడానికి ఎంత ప్రాణవాయువు కావాలో చెప్పే కొలత బీవోడీ. అమెరికాలో 1972 స్వచ్ఛజల చట్టం కింద నెల సగటున లీటరుకు 30 మిల్లీగ్రాముల బీవోడీ, 30 మిల్లీగ్రాముల తేలియాడే పదార్థం దాటకూడదు. చెరువులు ఒక్కటే ఉంటే ఈ హద్దులో నిలకడగా ఉండటం కష్టం. జమ్ము మడుల తరవాత సాధ్యమైంది. అయినా ఎల్లవేళలా కాదు, పరిమితి దాటిన సందర్భాలు ఉన్నాయి. శీతకాలంలో జోరువానలు కురిసినప్పుడు పాత మురుగు గొట్టాల పగుళ్లలోంచి భూగర్భజలం, వాననీరు చొరబడతాయి. మామూలు రోజుకు ఎన్నో రెట్ల నీరు ఒక్కసారి మీద పడుతుంది. వారాలు ఆగాల్సిన నీరు అప్పుడు ఆగకుండానే వెళ్లిపోతుంది. నిదానమే ఆయుధమైన వ్యవస్థకు వరద కంటే పెద్ద శత్రువు లేదు.

నత్రజని రెండో బలహీనత. మురుగులోని అమోనియాను మార్చే బాక్టీరియాకు ప్రాణవాయువు దండిగా కావాలి. ఒత్తుగా జమ్ము పెరిగిన, నీడపట్టిన మడిలో దొరకనిది అదే. చల్లటి వాతావరణం ఆ పనిని ఇంకా నెమ్మదింపజేస్తుంది. మందుల అవశేషాలు, హార్మోన్లు, కొత్తరకం పారిశ్రామిక రసాయనాలకోసం ఈ కేంద్రాన్ని తయారుచేయలేదు. ఆ మాటకొస్తే మామూలు యంత్రాల ఎస్టీపీలనూ అందుకోసం తయారుచేయలేదు.

చిత్తడి ముసలిదవుతుందన్న సంగతి మొదటి పదేళ్లలో ఎవరికీ అంతగా పట్టలేదు. ఏటా చచ్చిన జమ్ము అడుగున చేరుతుంది. చెరువుల్లో మడ్డి పేరుకుంటుంది. లోతు తగ్గుతుంది, నీరు సులువైన దారి వెతుక్కుని ఒకే చాలుగా పారిపోతుంది. పటంలో పది ఎకరాల మడి ఉంటుంది కానీ అందులో నీరు తగిలే భాగం తగ్గిపోతుంది. పూడిక తీయాలి, మళ్లీ నాటాలి. ఖర్చులేని శుద్ధి అన్న పేరు నమ్మి ఆ బడ్జెట్టు పెట్టని ఊరు ఇరవై ఏళ్లకు దెబ్బతింటుంది. చిత్తడికి కరెంటు అక్కర్లేదు కానీ మనిషి అక్కర్లేదని కాదు.

ఇక మొదటి ప్రశ్న. అఖాతం మెరుగైందా? ఆవాసం పెరిగిందన్న దానికి సందేహమే లేదు. చెత్తకుప్ప, మిల్లుల ఒడ్డు పోయి పక్షుల చిత్తళ్లు వచ్చాయి. జనానికి సముద్రపు ఒడ్డు తిరిగి దొరికింది. విద్యార్థులు తరం తరవాత తరం అక్కడే కొలతలు నేర్చుకున్నారు. కానీ అఖాతపు నీటి నాణ్యత ఈ ఊరి నీరు చేరడంవల్లే పెరిగిందని చూపడం చాలా కష్టం. రోజుకు రెండుసార్లు పోటు, పాటు అక్కడి నీటిని భారీగా మార్చేస్తాయి. పసిఫిక్ లోతుల్లోంచి పైకి ఉబికే చన్నీళ్లు ఎటూ పోషకాలు మోసుకొస్తాయి. ఆ రాశిలో ఒక చిన్న ఊరి వాటా విడిగా కనిపించదు. అధికారులు ఆవాసాన్ని, ప్రజల ఉపయోగాన్ని మెరుగుగా లెక్కేసి అనుమతిచ్చారు. అది న్యాయమైన నిర్ణయమేనని నా అభిప్రాయం. అయితే నీరు బాగుపడిందని, ఒడ్డు బాగుపడిందని చెప్పడం రెండు వేర్వేరు మాటలు. ఆర్కేటా గురించి రాసే చాలామంది వాటిని కలిపేస్తున్నారు.

మిగతా ప్రపంచం

చిత్తడి మొక్కలతో మురుగు శుద్ధిచేయవచ్చని శాస్త్రీయంగా చూపించే ప్రయత్నం 1950ల్లో జర్మనీలో కేథే సైడెల్ అనే శాస్త్రవేత్త మొదలుపెట్టింది. అమెరికాలో 1970ల చివర్లో మిషిగన్ రాష్ట్రంలోని హోటన్ లేక్ దగ్గర సహజంగా ఉన్న చిత్తడిలోకే శుద్ధిచేసిన నీరు పంపారు. ఫ్లోరిడాలో ఓర్లాండో నగరం 1987లో సుమారు 1,200 ఎకరాల్లో చిత్తడి కట్టింది. అక్కడి లక్ష్యం భాస్వరం, నత్రజని తగ్గించడం. వీటన్నిటి నుంచి తేలింది ఏమిటంటే, ముందే ఓ మోస్తరుగా శుద్ధిచేసిన నీటిని మెరుగుపెట్టడంలో చిత్తడి చక్కగా పనిచేస్తుంది. పచ్చి మురుగును నేరుగా మీద పోస్తే పనిచెయ్యదు.

దీనికి పూర్తిగా ఎదురు వాదన కెనడాలోని విక్టోరియా నుంచి వినిపించేది. ఆ నగరం 2020 చివరిదాకా తన మురుగును జల్లెడపట్టి, పొడవాటి గొట్టాలతో జలసంధిలోకి వదిలేది. ప్రవాహం బలమైంది, చల్లటి లోతైన నీరు, శుద్ధికయ్యే డబ్బు వేరేచోట పెడితే ఎక్కువ మేలని కొందరు సముద్ర శాస్త్రవేత్తలే గట్టిగా వాదించారు. ఆ వాదనలో కొంత నిజం లేకపోలేదు, సముద్రాలన్నీ ఒకటి కావు. చివరికి కేంద్రం కట్టారు.

మనకు దగ్గరి ఉదాహరణ తూర్పు కోల్‌కతా చిత్తడి నేలలు. 12,500 హెక్టార్లు, 2002 నుంచి చిత్తడి నేలల రక్షణకోసం ఉన్న అంతర్జాతీయ రామ్‌సర్ ఒప్పందం జాబితాలో ఉన్నాయి. నగరపు మురుగు లోతు తక్కువ చెరువుల్లో ఎండకు తేటపడుతుంది, అందులో చేపలు పెరుగుతాయి. కట్టింది ఇంజినీర్లు కారు, మత్స్యకారులు. దాని విలువను లోకానికి చెప్పి, రియల్ ఎస్టేట్ నుంచి కాపాడటానికి జీవితమంతా వెచ్చించిన ఇంజినీరు ధ్రువజ్యోతి ఘోష్. ఆ చెరువుల చేపలూ, కొల్లేరు చుట్టుపక్కల నుంచి లారీల్లో వెళ్లే మన బొచ్చె, శీలావతీ కలిసే ఆ నగరపు ఆకలి తీరుస్తున్నాయి.

డెల్టాకు తెచ్చి చూస్తే

నరసాపురం, పాలకొల్లు, అమలాపురం, రేపల్లె, మచిలీపట్నం. ఇలాంటి పట్టణాల్లో మురుగు చాలావరకు భూగర్భ గొట్టాల్లో పోదు. ఇంటి సెప్టిక్ ట్యాంకు నిండితే లారీ వచ్చి తోడుకుపోతుంది. వంటింటి నీరు, స్నానాల నీరు వీధి కాలవలోంచి పంటకాలవలోకో మురుగు డ్రెయిన్‌లోకో చేరుతుంది. భీమవరం మీదుగా పోయే యనమదుర్రు డ్రెయిన్‌ను చూసినవాళ్లకు అది ఎలా ఉంటుందో తెలుసు. ఆ డ్రెయిన్లే దిగువన ఉప్పుటేర్లవుతాయి. ఆ నీళ్ల పక్కనే రొయ్యల చెరువులు. మనకు పచ్చి ఆయిస్టర్లు లేవు కానీ, దేశంలో అందరికంటే ఎక్కువ రొయ్య పండించి విదేశాలకు పంపేది మనమే. ఊరి మురుగు వాటికి చేరే దారి ఆర్కేటాలో కంటే పొడవేమీ కాదు.

వెచ్చదనం మనకు పెద్ద వరం. చెరువుల్లో బాక్టీరియా పని వేడికి వేగం పుంజుకుంటుంది. మన దేశంలో చెరువు పద్ధతి మీద నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) దశాబ్దాల కిందటే పనిచేసింది. ఇక స్థలం లెక్క చూద్దాం. ఆర్కేటాలో ఆక్సిడేషన్ చెరువులు, జమ్ము మడులు, పెద్ద చిత్తళ్లు కలిపి దాదాపు 90 ఎకరాలు, అంటే వెయ్యి మందికి 5 ఎకరాలు. 2011 జనగణన ప్రకారం 58 వేల పైచిలుకు ఉన్న నరసాపురానికి అదే లెక్కన 290 ఎకరాలు కావాలి. మన వేడికి సగంకంటే తక్కువతో సరిపెట్టినా వంద ఎకరాల మాట. చేపల చెరువు కౌలు ధర తెలిసినవాళ్లెవరూ డెల్టాలో అంత భూమిని మునిసిపాలిటీ కొంటుందని చెప్పరు. చిత్తళ్లు అందరికీ మందు అనేవాళ్లు ముందు ఈ గుణకారం చెయ్యాలి.

దోమల సంగతి భూమి కంటే ముందు ఆలోచించాలి. ఆర్కేటాలో నడివేసవిలోనూ పగటి వేడి 20 డిగ్రీల దగ్గరే ఉంటుంది. మనకు ఏడాది పొడవునా దోమల కాలమే. మురికినీట్లో పుట్టే క్యూలెక్స్ దోమ బోదకాలును మోస్తుంది. గోదావరి తీరం ఆ జబ్బుతో తరతరాలుగా బాధపడిన ప్రాంతం. ఒత్తుగా జమ్ము పెరిగి, చేప తిరగలేని, గాలి తగలని నీరు ఆ దోమకు అనువైన చోటు. మన దగ్గర కడితే అంచులు నిటారుగా, మధ్యమధ్య లోతైన ఖాళీ నీళ్లతో, దోమపిల్లల్ని తినే చేపలు తిరిగేలా కట్టాలి. జమ్మును కోసే మనుషులు ఉండాలి. ఇది లేకుండా చిత్తడి కడితే ఒక రోగం మాన్పబోయి ఇంకో రోగాన్ని పెంచినట్టే.

మరో జాగ్రత్త కొల్లేరే చెబుతోంది. 1999లో అభయారణ్యమైంది, 2002లో రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. బుడమేరు విజయవాడ మురుగును, తమ్మిలేరు ఏలూరు మురుగును అందులోకి తెస్తున్నాయి. చిత్తడి శుద్ధిచేస్తుంది కదా అని సహజమైన సరస్సును శుద్ధి కేంద్రంలా వాడుకోవడం ఆర్కేటా చేసినదానికి సరిగ్గా వ్యతిరేకం. అక్కడ పక్షుల చిత్తళ్లలోకి చేరేది అప్పటికే జల్లెడ, తొట్టి, చెరువు, జమ్ము మడి దాటిన నీరు.

మనం ఇప్పుడు ఎంచుకుంటున్న దారి యంత్రాలది. 2017లో కేంద్ర పర్యావరణ శాఖ మహానగరాలు కాని ఊళ్లకు బీవోడీ 30గా పెట్టింది. 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దాన్ని 10కి, తేలియాడే పదార్థాన్ని 20కి దించమంది. ఉద్దేశం మంచిదే. కానీ నాచు నిండిన చెరువు 20లో ఇమడదు. దాంతో చిన్న మునిసిపాలిటీకి కూడా గాలి ఊదే యంత్రాల కేంద్రం తప్ప వేరే దారి మిగలదు. ఆ కేంద్రానికి కరెంటు, విడిభాగాలు, తెలిసిన ఆపరేటరు ఏడాది పొడవునా కావాలి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021 నివేదిక ప్రకారం దేశంలోని పట్టణాల్లో రోజుకు పుట్టే మురుగు 72,368 మిలియన్ లీటర్లు. ఏర్పాటైన శుద్ధి సామర్థ్యం 31,841. నిజంగా శుద్ధి అవుతున్నది 20,236. అంటే కట్టినవాటిలో మూడో వంతుకు పైగా సామర్థ్యం ఊరికే పడివుంది. అనుమతి పత్రంలో 10 ఉండి కరెంటు బిల్లు కట్టలేక ఆగిపోయే కేంద్రం కంటే, 30తో ఏడాదంతా నడిచే చెరువు ఉప్పుటేరుకు ఎక్కువ మేలు చేస్తుంది. చిన్న తీరపట్టణాలకు ప్రమాణాన్ని అంకెతో కాక, నీరు చేరే డ్రెయిన్‌లో, ఉప్పుటేరులో వచ్చిన మార్పుతో కొలిచే ఏర్పాటు కావాలి. అందుకు భీమవరం, మచిలీపట్నం కాలేజీల విద్యార్థులు ఏడాది పొడవునా నీటి నమూనాలు తీస్తే చాలు. ఆర్కేటాలో మొదలైంది కూడా ఒక ప్రొఫెసరు చేపల చెరువుల దగ్గరే.

రెండూ కలిపిన దారి కూడా ఉంది. మొదటి దశలో తక్కువ స్థలంలో యంత్రం, చివరి మెరుగు కొద్దిపాటి జమ్ము మడుల్లో. సెప్టిక్ లారీల మడ్డికి విడిగా ఎండబెట్టే పడకలు. చిన్న పట్టణాలకు నేను మొగ్గేది దీనివైపే. భూగర్భ గొట్టాలు పడేదాకా వీధికాలవ నీటినే డ్రెయిన్‌లో కలిసే ముందు ఆపి శుద్ధిచేయవచ్చు.

సముద్రం పైకి వస్తుంటే

ఆర్కేటాకు ఇప్పుడు అన్నిటికంటే పెద్ద సమస్య దాని చోటే. హంబోల్ట్ అఖాతంలో ఒకపక్క సముద్రం పెరుగుతోంది, మరోపక్క నేల కుంగుతోంది. రెండూ కలిసి అక్కడి కొలబద్ద మీద ఏటా 5 మిల్లీమీటర్ల దాకా పెరుగుదల కనిపిస్తోంది. అమెరికా పశ్చిమ తీరంలో ఇదే అత్యంత వేగం. చెరువులకు, సముద్రానికి మధ్య ఉన్నవి దశాబ్దాల నాటి మట్టిగట్లు. గట్లు ఎత్తు పెంచాలా, గట్టు ముందు మళ్లీ ఉప్పు చిత్తడి పెంచి అలల దెబ్బ తగ్గించాలా, కేంద్రాన్ని మెల్లగా ఎగువకు తరలించాలా అని ఊరు తర్జనభర్జన పడుతోంది. మరమ్మతులకు పెట్టే ప్రతి డాలరూ ఈ ప్రశ్నతో ముడిపడి ఉంది. ఎన్నేళ్లు నిలిచే చోట ఖర్చు పెడుతున్నాం?

ఈ ప్రశ్నలో మనం వాళ్లకంటే ముందున్నాం. మురుగు పల్లానికి పారుతుంది కనక శుద్ధి కేంద్రానికి స్థలం ఎప్పుడూ ఊళ్లో అన్నిటికంటే పల్లపు చివరనే చూస్తారు. డెల్టాలో ఆ చివర అంటే ఉప్పుటేరు ఒడ్డు. ఎగువ ఆనకట్టలు ఒండ్రును ఆపేస్తున్నాయి, కృష్ణా, గోదావరి డెల్టాలు కుంగుతున్నాయి, తీరం అక్కడక్కడా కోతకు గురవుతోంది. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి వచ్చిన ఉప్పెన ఊళ్లకు ఊళ్లనే ముంచింది. అలాంటి ఉప్పెనకు మోటార్లు, కరెంటు ప్యానెళ్లు ఒక్క రాత్రిలో పోతాయి. చెరువులైతే ఉప్పునీటితో నిండిపోయి బాక్టీరియా తిరిగి కుదురుకోవడానికి వారాలు పడుతుంది, కానీ మళ్లీ నడుస్తాయి. నరసాపురంలోనో రేపల్లెలోనో ఏ రకం శుద్ధి కేంద్రానికైనా టెండరు పిలిచే ముందు ఆ స్థలంలో ఉప్పెన నీరు ఎంత ఎత్తుకు వస్తుందో, నీరు తీశాక డ్రెయిన్ తూము ఎటు తెరుచుకుంటుందో, కరెంటు గది ఆ మట్టానికి ఎంత పైన ఉంటుందో పటం మీద గీసి కౌన్సిల్ ముందు పెట్టాలి. ఏ యంత్రం కొనాలన్న చర్చ ఆ తరవాత.